చంద్రగిరి మేడ మీద జంగిల్ దరువు

జంగిల్ అనే సంగీతం మాకు పరిచయమైంది తిరుపతి ప్రయాణంలోనే. ముందు లాడ్జి సంగతి చెప్తాను. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకునేవాళ్లు ఫోన్‌లో చెప్పిన రేటును నమ్మి బయల్దేరకండి. మాకు ఏసీ గది 1,800 అన్నారు. తీరా బ్యాగులతో దిగాక 2,600 అడిగారు. ఏమంటే రద్దీ రేటట. అప్పుడు పండగ లేదు, బ్రహ్మోత్సవాలూ లేవు. 24 గంటల చెకవుట్ అని గోడ మీద రాసిపెట్టి, పొద్దున తొమ్మిదికే వచ్చి తలుపు బాదారు. అదీ భరించాం. కానీ అడ్వాన్సు 1,000లో 500 పట్టుకుని ‘దుప్పటికి మరక’ అనేసరికి మా ఆవిడ కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. ఆ మరక మేం దిగేసరికే ఉంది. ఫొటో తీసి ఉంచాం, చూపించాం కూడా. మేనేజర్ తలెత్తి చూడలేదు. కొండకొచ్చినవాళ్లు ఐదొందల కోసం పోలీసు స్టేషన్ దాకా వెళ్లరన్న ధైర్యం వాళ్లది.

కొండ మీద 300 రూపాయల టికెట్ దర్శనం ఏ ఇబ్బందీ లేకుండా అయింది.

అక్కడి నుంచి మా బావమరిది తన స్నేహితుడి ఇంటికి చంద్రగిరి తీసుకెళ్లాడు. ఆటోకు 400. అతని మేడ మీద అద్దె గది 1,500, పొద్దున టిఫిన్ అందులోనే. పక్క శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే కోట కొండ కనిపిస్తుంది. రాజమహల్ చూసి, బయట 220కి రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని వచ్చాం. పులుసు బాగుంది. మా ఆవిడ మాత్రం ఆ ఐదొందలు తలుచుకుంటూనే తింది.

మేడ మీద ఇంకో చిన్న గది ఉంది. గోడలకు పాత బొంతలు కట్టి, ఓ మూల సబ్‌వూఫర్, రెండు పెద్ద స్పీకర్లు పెట్టుకున్నాడు ఆ స్నేహితుడు. ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చాడు. “బావా, పది నిమిషాలు కూర్చోండి, నచ్చకుంటే ఆపేస్తా” అన్నాడు.

అతను పెట్టింది జంగిల్. 1990ల మొదట్లో లండన్ రేవ్‌లలో, అంటే రాత్రంతా సాగే డాన్సు పార్టీల్లో పుట్టిన సంగీతం. డ్రమ్ములు నిమిషానికి 160, 170 దరువుల వేగంతో పరుగెడతాయి. దరువును శాంప్లర్‌లో (శబ్దాన్ని రికార్డు చేసి మళ్లీ వాయించే యంత్రం) ముక్కలు ముక్కలుగా కోసి, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి పేరుస్తారు. రెండుసార్లు ఒకేలా రాదు. కింద బేస్, అంటే మంద్రంగా మోగే శబ్దం, మాత్రం సగం వేగంలో, జమైకా రెగె పద్ధతిలో, నింపాదిగా నడుస్తుంది. చెవులు ఆ పరుగు వెంట పడుతుంటే ఒళ్లు ఆ నడకకు ఊగుతుంది. ఇంత వేగంలో ఇంత హాయి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. పది నిమిషాలన్నది రెండు గంటలైంది.

ఆ డ్రమ్ముల్లో చాలావాటికి మూలం ఒక్కటేనట. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ డ్రమ్ముల మీద వాయించిన నాలుగు బార్లు (తాళం చుట్లు), ఏడు సెకన్లకు మించవు. ‘అమెన్ బ్రేక్’ అంటారు. వేల పాటల్లో వాడుకున్నారు. కోల్‌మన్‌కు రాయల్టీగా పైసా అందలేదు. 2006లో నిలువ నీడ లేకుండా చనిపోయాడు. అది విన్నాక మా ఆవిడ “మన ఐదొందలకే నేనింత ఏడ్చానా, ఆయనది నిజమైన అన్యాయం” అంది. లాడ్జి మాట వదిలేసింది అప్పుడే.

ఇది పాతబడి పోయిన సంగీతమూ కాదు. టిమ్ రీపర్, క్లోక్ అనే జంగిల్ కళాకారులు కలిసి చేసిన ఆల్బమ్‌ను 2024లో హైపర్‌డబ్ అనే రికార్డు కంపెనీ తెచ్చింది. అదే ఏడాది నియా ఆర్కైవ్స్ అనే గాయని తొలి ఆల్బమ్, బ్రిటన్‌లో ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకెక్కింది. ఆమె జంగిల్ మీద తనే పాడుతుంది. కొత్తగా వినేవాళ్లు ఆమెతో మొదలుపెట్టండి, తర్వాత టిమ్ రీపర్ దగ్గరికి వెళ్లండి.

ఆ తర్వాత హార్డ్‌కోర్ అనే ఇంకో రకం డాన్సు సంగీతం పెట్టాడు, అందులో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌ది, గాబర్ అంటారు. దీన్లో కోయడాలు, పేర్చడాలు లేవు. రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ కిక్‌ను (పెద్ద డ్రమ్ము దెబ్బను) శబ్దం పగిలిపోయేదాకా డిస్టార్ట్ చేసి, నాలుగు దరువులూ సూటిగా కొడతారు. నాకు తల దిమ్మెక్కి బయటికొచ్చాను, ఇప్పటికీ జంగిలే నాకిష్టం. మా ఆవిడ మాత్రం లేవలేదు! ఆమెది పుంగనూరు. “సుగుటూరు గంగమ్మ జాతరలో పలకలు ఇట్లానే గుండెల్లో మోగుతాయి, ఇంకోటి పెట్టు నాయనా” అంది. ఆ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. “అక్కా, ఇన్నాళ్లకు ఒకరు అడిగినారు” అన్నాడు. మా బావమరిది అయితే అప్పటికే చెమటలు కక్కుతూ ఎగురుతున్నాడు.

ఫోన్ స్పీకర్‌లో విని ‘ఇదేం గోల’ అనకండి. ఫోన్‌లో బేస్ రాదు, బేస్ లేకపోతే జంగిల్‌లో సగం పోయినట్టే. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు 2,000లోపే దొరుకుతాయి, అవి చాలు. అంత పెద్ద స్పీకర్ల ముందు కూర్చుంటే మాత్రం చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్‌లే పెట్టుకోండి. మందుల షాపులో 60 పెట్టి కొన్నాం.

శని, ఆదివారాల్లో అక్కడ గది దొరకదు. వారం మధ్యలో 1,300కే ఇస్తాడు. పాటలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, దానికి వేరే డబ్బు తీసుకోడు.