కొత్త సినిమా: ఊళ్లో హాలా, వైజాగా, ఓటీటీ దాకా ఆగడమా?

పెద్ద సినిమా పడిన వారం శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఇదే పంచాయితీ. ఊళ్లో చూసేద్దామని ఒకరు, వైజాగ్ వెళ్దామని ఒకరు, "నెల ఆగితే ఫోన్లోకే వస్తాది కదేటి" అని ఇంకొకరు. చాలామంది హీరోని బట్టి తేల్చేస్తారు. చూడాల్సింది అది కాదు. ఆ సినిమా బలం బొమ్మలో ఉందా, శబ్దంలో ఉందా, మాటల్లో ఉందా అన్నది చూసుకుంటే సగం తేలిపోతుంది.

ముందు డబ్బు సంగతి. 2022 మార్చి జీవో ప్రకారం కార్పొరేషన్ పరిధిలో ఏసీ హాలు టికెట్ 70, 100 రూపాయలు. స్పెషల్ హాలైతే 100, 125. మల్టీప్లెక్స్ 150, రిక్లైనర్ 250. జీఎస్టీ వీటికి అదనం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 100 టికెట్ 105 అవుతుంది, 125 టికెట్ 147.50 అవుతుంది, మల్టీప్లెక్స్ సీటు 177, రిక్లైనర్ 295. నలుగురికి ఊళ్లో ఏసీ హాల్లో 420, వైజాగ్ మల్టీప్లెక్స్‌లో 708. యాప్‌లో బుక్ చేస్తే దాని రుసుము వేరే. భారీ సినిమాలకు మొదటి రోజుల్లో రేటు పెంచుకోమని ప్రత్యేక జీవో ఇస్తే ఈ లెక్కంతా తారుమారు. ఆ రోజులు గడిచాక వెళ్తే అదే సీటు మామూలు రేటుకు వస్తుంది.

టికెట్ తేడా మూడొందలు కూడా లేదు. బరువంతా ప్రయాణానిదే. విజయనగరం నుంచి వైజాగ్ సుమారు 60 కిలోమీటర్లు, గంటన్నరలో చేరిపోవచ్చు. శ్రీకాకుళం నుంచి 110 దాకా, రెండున్నర గంటలు వేసుకోండి. రైలు విజయనగరం వాళ్లకు బాగుంటుంది. శ్రీకాకుళం వాళ్లకు స్టేషనే ఆమదాలవలసలో ఉంది, ఆ ఆటో ఖర్చూ సమయమూ కలిపితే బస్సే మేలు. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు టికెట్ ఉండదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. అల్ట్రా డీలక్స్‌లో మాత్రం కొనాల్సిందే. సినిమా మద్దిలపాలెంలో అయితే అక్కడే దిగిపోండి, కాంప్లెక్స్ దాకా వెళ్లి వెనక్కి రావడం దండగ. ఆట మ్యాట్నీయే ఎంచుకోండి. మూడు గంటల సినిమాకు ఫస్ట్ షో వెళ్తే శ్రీకాకుళం తిరిగి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, పిల్లలుంటే అది సినిమా కాదు, శిక్ష.

అంత దూరం వెళ్లినందుకు దక్కేది ఒక్కటే: మంచి తెర మీద అట్మాస్ శబ్దం. అట్మాస్‌కు పైకప్పులో కూడా స్పీకర్లుంటాయి, వాన పడితే నెత్తి మీదే పడుతున్నట్టుంటుంది. కానీ మల్టీప్లెక్స్‌లో ప్రతి స్క్రీన్‌కూ అది ఉండదు. బుక్ చేసేటప్పుడు ఆటపేరు పక్కన అట్మాస్ అని రాసి ఉందో లేదో చూడకపోతే, మన ఊరి హాలు తెరకంటే చిన్న తెర ముందు కూర్చుని రావాల్సి వస్తుంది. కామెడీ సినిమాకో ఇంటింటి కథకో వైజాగ్ వెళ్లడం మా దృష్టిలో శుద్ధ దండగ.

ఇక ఊరి హాలు. దీన్ని తక్కువ చేసేవాళ్లు సాధారణంగా తప్పు సీట్లో కూర్చుని వచ్చినవాళ్లే. గోడ పక్క సీట్లో కూర్చుంటే చెవి పక్కనున్న స్పీకరే మోగుతుంది, తెర వెనకనుంచి వచ్చే మాట అందదు. మధ్య వరసలో, తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో కూర్చోండి. బొమ్మ మసగ్గా ఉంటే రెండు కారణాలు. ఒకటి, ప్రొజెక్టర్ దీపం వయసైపోయినా మార్చకపోవడం. రెండోది, త్రీడీ ఆట కోసం పెట్టిన ఫిల్టర్‌ని మామూలు ఆటకు తియ్యకపోవడం. రెండోది నిమిషం పని, ఇంటర్వెల్‌లోపు ఆపరేటర్‌కు చెప్పిస్తే సరిపోతుంది. కరెంటు పోయి జనరేటర్ వేస్తే బొమ్మ వెంటనే రాదు, డిజిటల్ సర్వర్ మళ్లీ మొదలవ్వాలి, కొన్ని నిమిషాలు పడుతుంది. ఈల వెయ్యకండి, వేగం పెరగదు. సగం హాలు నిండని ఆటకు ఇంటర్వెల్ తర్వాత ఏసీ ఆపేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, ఎండాకాలం ఆ సంగతి ముందే తెలుసుకోండి.

మొదటి రెండు రోజులు మాటలు వినబడవు. కేకలు కావాలంటే అదే రోజు, కథ కావాలంటే సోమవారం నుంచి గురువారం లోపు. మన యాసలో సినిమా వస్తే మాత్రం ఊరి హాలుకు మించింది లేదు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల సంగతి మీద అల్లిన 'తండేల్' లాంటిది ఇక్కడ చూస్తే, యాస నప్పిందో తప్పిందో పక్క సీట్లోంచే తీర్పు వినబడుతుంది. ఆ సరదా ఓటీటీలో ఎక్కడ దొరుకుతుంది?

ఓటీటీ దాకా ఆగుతామంటే ఎంత ఆగాలో లెక్కుంది. 'తండేల్' 2025 ఫిబ్రవరి 7న విడుదలై మార్చి 7కి వచ్చేసింది. 'హిట్ 3' మే 1 నుంచి మే 29. రెండూ 28 రోజులే. 'పుష్ప 2' 2024 డిసెంబర్ 5న వచ్చి 2025 జనవరి 30 దాకా ఆగింది, 'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25 నుంచి మే 20 దాకా. ఇవి 56 రోజులు. ఎంత పెద్ద హిట్టయితే అంత ఆలస్యమనుకోండి. 'హిట్ 3' లాంటి 'A' సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిది నిండని పిల్లలను హాల్లోకి రానివ్వరు కాబట్టి, పిల్లలున్న జంటలకు ఓటీటీయే దిక్కు, అదీ పిల్లలు పడుకున్నాక.

డేటా చూసుకోండి. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా తాగుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో పెడితే నలభై నిమిషాలకే ఆగిపోతుంది. వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం నయం. టీవీలో పెడితే పాటలు హోరెత్తి మాటలు గొణుగుతాయి, ఎందుకంటే ఆ శబ్దం ఆరు దారుల్లో విడగొట్టి ఇచ్చింది, మీ టీవీకి ఉన్నవి రెండు స్పీకర్లు. ఆడియో సెట్టింగ్‌లో 5.1 (అంటే ఆ ఆరు దారులది) తీసేసి స్టీరియో (రెండు దారులది) పెట్టండి. బొమ్మ సీరియల్‌లా జారుతూ కనబడితే టీవీలో మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగ్ ఆపేయండి.

టీవీ ఛానెల్లో అన్నిటికంటే చివరే వస్తుందనుకోవద్దు. 'సంక్రాంతికి వస్తున్నాం' 2025 జనవరి 14న విడుదలై, మార్చి 1 సాయంత్రం టీవీలోనూ ఓటీటీలోనూ ఒక్కసారే వచ్చింది. ప్రకటనలు నిబంధన ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా, ఆ లెక్కన రెండున్నర గంటల సినిమా మూడు గంటల పది నిమిషాల దాకా పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే అదే నప్పుతుంది, మధ్యలో వంట చూసుకోవచ్చు, మాత్రలు వేసుకోవచ్చు.