స్క్రాచ్: సరిపడని బ్లాకు కూర్చోదు, అంతే

స్క్రాచ్ అంటే పిల్లలు ఆదేశాల బ్లాకులని మౌస్‌తో లాగి, ఒకదానికొకటి తగిలించి ఆటలు చేసుకునే ఉచిత ప్రోగ్రామింగ్ సాధనం. 2019లో దాని 3.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ గుంటూరులో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద ఇది నడుస్తూనే ఉంది. ఇన్నేళ్లయినా నాకు మోజు తీరకపోవడానికి కారణం బ్లాకుల ఆకారం. విలువ ఇచ్చే బ్లాకు గుండ్రం, అవునో కాదో తేల్చే బ్లాకుకి ఆరు మూలలు. "ఇలా అయితే" అని షరతు పెట్టే ఇఫ్ బ్లాకు ఖాళీలో, అంకె ఇచ్చే స్కోరు బ్లాకు పెట్టబోతే పట్టదు. 1967 నాటి లోగో అనే ప్రోగ్రామింగ్ భాషలో పిల్లలు ఆదేశాలు టైపు చెయ్యాలి, ఇక్కడ స్పెల్లింగ్ టెన్షనే లేదు.

మా మేనకోడలు ఆరో తరగతిలో మిరపకాయల ఆట చేసింది. పైనుంచి కాయలు రాలతాయి, కింద బుట్టతో పట్టాలి. కాయని కదిలించే బ్లాకులో మైనస్ 5 ఉంది, మైనస్ అంటే కిందికి, ప్లస్ అంటే పైకి. ఆట నడుస్తుండగానే, ఆపకుండా, స్కోరు బ్లాకుని లాక్కొచ్చి ఆ అంకె మీద పడేసింది. "ఇదీ గుండ్రమేగా మామయ్యా, పడుతుందిలే" అంది. పడింది, కానీ కాయ కిందికి రావాల్సింది పోయి పైకి లేచింది! పకపకా నవ్వేసి, తీసివేత బ్లాకు తెచ్చి సున్నాలోంచి స్కోరు తీసేసింది. ఇక చూడాలి, కాయలు పట్టేకొద్దీ వేగం పెరగడం. ఆటని మొదలుపెట్టే పచ్చజెండా మళ్లీ నొక్కితే కాయ గాల్లోనే ఉండిపోయింది. కాసేపు స్క్రీన్ వంకే చూసి "స్కోరు సున్నా కదా, అందుకే కదలట్లేదు" అని తనే తేల్చి, స్కోరుకి 3 కలిపింది. నేను నోరు మెదపలేదు. రుణ సంఖ్యలు అంత బాగా ఒంటబట్టడం నేనెక్కడా చూడలేదు.

అయితే ఒకటి. కాయ గాల్లో ఆగినప్పుడు ఎందుకాగిందో చెప్పే దిక్కు ఇందులో లేదు, ఒక్కో బ్లాకు దగ్గర ఆగుతూ చూసే వీలూ లేదు. ఇది ఓపికున్న పిల్ల కాబట్టి సరిపోయింది, వాళ్ల తమ్ముడైతే లేచి వెళ్లిపోయేవాడు. పైగా మనం సొంతంగా చేసుకున్న బ్లాకు లెక్క చేసి ఆ విలువని తిరిగి ఇవ్వడం కుదరదు. బర్కిలీ యూనివర్సిటీ వాళ్ల స్నాప్ అనే ఇలాంటి బ్లాకుల సాధనంలో అది కుదురుతుంది, అందుకే మేనకోడలు ఇప్పుడు పెద్ద ప్రాజెక్టులన్నీ దాంట్లోనే చేస్తోంది.

మాది ఒక ల్యాప్‌టాప్, ఒక మౌస్, పక్కన కూర్చునే తీరిక ఉన్న నేను. అలాంటి ఇంట్లో, ప్రైమరీ దాటుతున్న పిల్లలుంటే పెట్టివ్వండి. ఫోన్ ఒక్కటే ఉంటే మాత్రం ఆ చిన్న తెర మీద బ్లాకులు లాగలేక విసుగొస్తుంది.