ఇన్‌లైన్ హాకీ స్కేట్లు: బూటు సంగతి సరే, బేరింగుల సంగతి చెబుతా

చక్రాలు ఒకే వరసలో ఉండే ఈ హాకీ స్కేట్లు కొనేటప్పుడు అందరూ బూటే చూస్తారు. పాదానికి పట్టిందా, ఫ్రేము అల్యూమినియమా ప్లాస్టిక్కా, చక్రాలు ఎంత పెద్దవి అని. అదంతా డబ్బా మీదే ఉంటుంది, నేను మళ్లీ రాయను. కంపెనీ పేరూ రాయను. నేను, మా పాప వాడేది ఒకే మోడల్, సైజులే తేడా. కొన్ని వానాకాలాలు వాటి మీద గడిచాక నాకు చెప్పాలనిపించే సంగతి ఒక్కటే: బేరింగు, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని నడుమ కూర్చునే, దాదాపు రూపాయి బిళ్లంత ఇనప ముక్క. నన్ను కింద పడేసింది అదే, ఆటలో నిలబెట్టింది కూడా అదే.

ముందు మా మైదానం గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. హనుమకొండ నుంచి పరకాల పోయే దారిలో ఓ పాత రైస్ మిల్లు ఉంది. ఉడకబెట్టిన వడ్లు ఆరబోయడానికి ఎప్పుడో పోసిన పెద్ద సిమెంటు గచ్చు. మిల్లులకు డ్రయ్యర్లు వచ్చాక ఇట్లాంటి గచ్చులు చాలా చోట్ల ఖాళీగానే పడి ఉంటున్నాయి. పాపతో ఆడే పిల్లాడి మేనమామది ఆ మిల్లు, కాబట్టి ఆదివారం పొద్దున గచ్చు మాది. ముందు పిల్లల ఆట, తర్వాత పెద్దలది. పెద్దల్లో ఒక పళ్ల డాక్టరు, కాజీపేట రైల్వేలో పనిచేసే ఒకాయన, కొందరు ఇంజనీరింగ్ పిల్లలు, ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే నేను. పాపను దింపి అరుగు మీద కూర్చుని టీ తాగే తల్లుల్లో నేనూ ఒకదాన్నే మొదట్లో. ఓ రోజు గోలీ, అంటే గోల్ కాసే మనిషి, తక్కువైతే హెల్మెట్ పెట్టి నిలబెట్టారు, ఇగ అరుగు మీదికి మళ్లలేదు. మా అత్తమ్మ మాత్రం ఇప్పటికీ "బిడ్డ ఆడుతదంటే సరే, నీకేమొచ్చిందే?" అంటది.

మంచు మీద హాకీ అయితే జట్టుకు గోలీ కాక అయిదుగురు, చక్రాల మీద నలుగురు. మంచు మీద ఆడేవాళ్లు కాళ్లు అడ్డంగా తిప్పి ఝుమ్మని ఆగుతారు కదా, గరుకు సిమెంటు మీద ఆ పప్పులు ఉడకవు. చక్రం పట్టేసి మనిషిని విసిరేస్తుంది. హాకీ స్కేట్లకు మడమ దగ్గర బ్రేకు కూడా ఉండదు. వెనక కాలిని అడ్డంగా ఈడ్చి ఆపుకోవడమే. అందుకే చక్రాల లోపలి అంచు ముందు అరుగుతుంది, అప్పుడప్పుడు చక్రాలను అటూ ఇటూ మార్చి తిప్పి బిగించుకోవాలి. పక్, అంటే బంతికి బదులు వాడే చపటా బిళ్ల, మా గచ్చు మీద పల్టీలు కొడుతుంది, బంతితోనే ఆడతాం.

చక్రాల గురించి మొదట్లో అడిగినవాళ్లందరికీ గొప్పగా చెప్పేదాన్ని. బయట ఆటకని గట్టి చక్రాలు, గట్టిదనం కొలతలో 85ఏ రకం, తీసుకున్నాం. ఎంత ఆడినా అరగవని, ఇవే కొనమని కొందరితో కొనిపించాను కూడా. అరగవన్నది ఇప్పటికీ నిజమే. కాకపోతే గచ్చులో నున్నగా తేలిన భాగం కాస్త తడిస్తే చాలు, ఈ గట్టిదనమే జారుడవుతుంది. నవంబరు నుంచి మే దాకా నా మెచ్చుకోలు అట్లాగే ఉంచుకోండి, మిగతా నెలలకు కొంచెం తగ్గించుకోండి. బూటు కూడా అంతే. గట్టిగా, మడమ కదలకుండా పట్టుకుంటుంది, నాకు ఇష్టం. వెడల్పు పాదాలున్న రైల్వే ఆయన మాత్రం అదే బూటు విప్పేటప్పుడు మొహం చూస్తే జాలేస్తుంది.

ఇక అసలు సంగతి. పోయిన వానాకాలంలో ఓ ఆదివారం గచ్చు ఆరినట్టే ఉంది, ఓ మూల మాత్రం నీళ్లు నిలిచాయి. బంతి అటు పోతే మనిషీ అటే పోతాడు. ఆట అయ్యాక స్కేట్లు తుడిచి సంచిలో పెట్టాం. పైకి చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. ఆ తర్వాతి ఆట పిల్లలు ఒక పక్క, తల్లిదండ్రులు ఒక పక్క. గోల్లో మా పాపే. మధ్యలో ఎవరో తప్పించుకున్న బంతి నా కర్రకు వచ్చి తగిలింది, ఎదురుగా ఒక్కరూ లేరు. రెండు అడుగులు తోశాను, మూడోది వేశాను. కుడికాలు అక్కడే ఆగిపోయింది, మిగతా నేను ముందుకు పోయాను. మణికట్టుకు గార్డులు ఉన్నాయి కాబట్టి చేతులు బతికాయి, హెల్మెట్ జాలీ గచ్చును గీరుకుంటూ పోయిన చప్పుడు మాత్రం అందరికీ వినిపించింది. ఇంజనీరింగ్ పిల్లలు "మేడం, మేడం" అంటూ ఉరికొచ్చారు. పాప ముందు బంతిని ఒడిసి పట్టుకుంది, తర్వాత నా దిక్కు చూసింది. గోలీ అంటే అట్లాగే ఉండాలి, తప్పు పట్టను.

కుడి స్కేటులో మూడో చక్రం వేలితో తిప్పితే కదల్లేదు. ఇంటికొచ్చి విప్పి చూస్తే బేరింగు రేకు మూత వెనక ఎర్రటి ముద్ద. తుప్పు, గ్రీజు, వాటితోపాటు మా మిల్లు ప్రసాదం: ఊక దుమ్ము. వడ్ల ఊకను కాలిస్తే దాని బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో చాలా మటుకు సిలికా. అంటే ఇసుకలో ఉండేదే. అంత సన్నగా ఉంటే రేకు మూతకూ లోపలి రింగుకూ మధ్య ఉండే సందు దానికి దర్వాజా అంత. అది లోపల చేరి ఉక్కు గుండ్లను రోజూ సాన పడుతూనే ఉంది, వాన నీళ్లు మిగతా పని పూర్తి చేశాయి. ఒక్కో చక్రానికి రెండు చొప్పున ఒకరి కాళ్లకు పదహారు బేరింగులు. నావి సగానికి సగం గరగరమంటున్నాయి, పాపవి కొంచెం నయం.

స్కేటింగ్ పేరు పెట్టి అమ్మే బేరింగుల సెట్టు ధర చూస్తే ప్రాణం ఉసూరుమంది. పైగా రావడానికి టైం పడుతుంది, పాపకు ఆ వారంలోనే మ్యాచ్ ఉంది. స్కేటింగ్ నేర్పే తమ్ముడే "అక్కా, ఒకటి పట్టుకపోయి మోటార్ల సామాను దుకాణంలో చూపియ్యిరాదు" అన్నాడు. వరంగల్ చౌరస్తా దగ్గర మోటారు వైండింగ్ సామాన్లు అమ్మే ఓ దుకాణానికి పోయాను. గల్లాలో కూర్చున్న పెద్దాయన నా బేరింగును రెండు వేళ్ల నడుమ పట్టి, చెవి దగ్గర తిప్పి చూశాడు.

"డ్రిల్లింగ్ మిషన్‌దా బిడ్డా?"

"కాదు బాపు, చక్రాల బూట్లది."

"బూట్లదా? గది సిక్స్ నాట్ ఎయిట్ గదా. రేకుది గావాల్నా, రబ్బరుది గావాల్నా?"

నా ఆనందం ఎట్లా చెప్పాలి. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 22, మందం 7. ప్రపంచమంతా స్కేట్లలో వాడే 608 బేరింగు, చిన్న మోటార్లలో వాడే 608 బేరింగు, రెండూ ఒకటే. కొత్త టెక్నాలజీ, ఛాంపియన్ల ఎంపిక అని డబ్బా మీద రాసిన వస్తువు ఇక్కడ అట్టపెట్టెలో పోసి ఉంది. ఒక్కోటి నలభై రూపాయల లోపే.

డబ్బాల మీద పెద్దక్షరాలతో వేసే ఏబీఈసీ 7, ఏబీఈసీ 9 గురించి కూడా ఇక్కడే కడుపులో మాట చెప్పేస్తా. ఆ అంకె బేరింగు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెబుతుంది, అంతే. దుమ్మును ఆపుతుందా, పక్కనుంచి పడే తోపును తట్టుకుంటుందా అన్నది దాంట్లో ఉండదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 80 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి సుమారు 1,300 సార్లు తిరుగుతుంది. ఈ సైజు బేరింగుకు అది నడకతో సమానం. నా వేగమైతే 20 కూడా కాదు, ఆ 9 నాకెందుకు?

పెద్దాయన మాట మీద రబ్బరు మూతవే ఇద్దరికీ తీసుకున్నాను. దుమ్ము ఆగింది, ఊక కాలంలోనూ గరగర లేదు. అయితే రబ్బరు అంచు లోపలి రింగును ఒరుసుకుంటూ ఉంటుంది కాబట్టి చక్రం కొంచెం బిగువుగా తిరుగుతుంది. నా బరువుకు ఆ తేడా తెలియలేదు. పాపకు మొదటి రోజే తెలిసింది. "మమ్మీ, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టుంది" అంది. మ్యాచ్ కోసం మళ్లీ అదే దుకాణం, ఈసారి రేకు మూతవి. ఇప్పుడు నావి రబ్బరువి, పాపవి రేకువి. పాపవి ఆట అయిన సాయంత్రమే విప్పి, పెట్రోల్లో కడిగి, ఆరబెట్టి, కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు వేయాలి. పెట్రోలు పని డాబా మీద, పొయ్యికి దూరంగా చేసుకోండి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే చాలని చాలామంది అంటారు. అది ఉన్న గ్రీజును కూడా కడిగేసి పోతుంది, తర్వాత నూనె వేయకపోతే బేరింగు ఇంకా తొందరగా పోతుంది.

మంచు మీద ఆడేవాళ్లకు ఈ పీడ లేదు, బ్లేడు సాన పట్టించుకోవడం వాళ్ల పీడ. 2025లో యూఏఈలో జరిగిన మహిళల ఐస్ హాకీ ఆసియా కప్‌లో మన దేశం కాంస్యం గెలిచినప్పటి నుంచి పాపకు లదాఖ్ పిచ్చి పట్టింది. ఆ జట్టులో ఎక్కువమంది అక్కడి ఆడపిల్లలే, చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద ఆడి పెరిగినవాళ్లు. వరంగల్‌లో చెరువులకు కొదవ లేదు, గడ్డకట్టేదే లేదు. చక్రాల మీద నేర్చిన తోపు మంచు మీదా పనికొస్తుంది, ఆగడం మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలని స్కేటింగ్ తమ్ముడు అంటాడు. అదెంతవరకు నిజమో పాప పోయినప్పుడు చూద్దాం.

మరి కొనమంటానా? ఆరుబయట సిమెంటు మీద, వారానికి ఒకసారి ఆడేవాళ్లయితే కొనండి. వచ్చిన బేరింగులు మాత్రం మొదటి వానకు ముందే తీసి పక్కన పెట్టి, రబ్బరు మూతవి ఎక్కించుకోండి. ఇండోర్ రింకులో ఆడే పిల్లలకైతే నా గోలంతా అనవసరం, అక్కడ మెత్తటి చక్రాలు, రేకు మూతలే హాయి. వెడల్పు పాదాలైతే వేసి చూడకుండా తెప్పించుకోవద్దు. నలభై దాటి మొదలుపెడుతున్న తల్లిదండ్రులైతే స్కేట్ల కంటే ముందు మణికట్టు గార్డులకు డబ్బు పెట్టండి. పాప పాదం మళ్లీ పెరిగింది, ఈ జత దసరా తర్వాత అమ్మేస్తున్నాం. తీసుకునేవాళ్లకు బేరింగులు కొత్తవి వేసే ఇస్తాను, ధరలో బేరం లేదు.