కుర్చీలు మెత్తన, సలహా గుల్ల

మావాడు కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ చదువుతున్నాడు. మూడో ఏడు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) వారి బర్కిలీ క్యాంపస్‌లో చేరాలని ఆశ. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక కన్సల్టెన్సీలో పదిహేను వేలు కట్టాను. ఏసీ, మెత్తటి కుర్చీలు, అల్లం టీ (అది మాత్రం బాగుంది). "ట్యాగ్ (కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి మారేవాళ్లకు సీటు హామీ ఇచ్చే ఒప్పందం) ఉంది కదండీ, సీటు గ్యారంటీ. టెన్షన్ పడకండి" అన్నారు. తీరా చూస్తే ఆ ఒప్పందం డేవిస్, అర్వైన్ లాంటి 6 క్యాంపస్‌లకే. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకు లేనేలేదు. మావాడే చూసి ఫోన్ చేశాడు. అలా మారాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు (కోర్సుల క్రెడిట్లు) కావాలి, ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో 'అసిస్ట్' వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూడొచ్చట. వీళ్లు ఆ పేరే వినలేదు! నాలుగుసార్లు తిరిగితే సగం డబ్బు వెనక్కిచ్చారు. రెండు స్టార్లు. అందులో ఒకటి టీకి.