జీసీఎస్‌ఈకి 'జెకిల్ అండ్ హైడ్': ఏళ్ల తరబడి పాఠం చెప్పాక నా సమీక్ష

స్టీవెన్సన్ రాసిన 'స్ట్రేంజ్ కేస్ ఆఫ్ డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' పది అధ్యాయాల నవలిక. పాతిక వేల పదాలకు కాస్త పైన ఉంటుంది, ఆడియోలో వింటే సుమారు మూడు గంటలు. ఇంగ్లండ్‌లో పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో ఇంగ్లీష్ లిటరేచర్‌కు స్కూలు ఈ పుస్తకం ఎంచుకుందని తెలియగానే మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది అమ్మయ్య అనుకుంటారు. ఇయర్ 10, 11 పిల్లలకు దీన్ని ఏళ్లుగా చెబుతున్న అనుభవంతో చెబుతున్నాను: పుస్తకం గొప్పది, పరీక్షకూ బాగా పనికొస్తుంది. కానీ పొట్టిగా ఉంది కదా అని తేలికనుకుంటే అక్కడే దెబ్బతింటారు.

అసలు చిక్కు ఏమిటంటే, ఇందులోని రహస్యం పిల్లలకు ముందే తెలుసు. 1886 జనవరిలో ఈ పుస్తకం కొత్తగా వచ్చినప్పుడు డాక్టర్ జెకిల్ తాను కలిపిన మందు తాగి హైడ్‌గా మారుతుంటాడని, ఇద్దరూ ఒక్కరేనని పాఠకుడికి తేలేది తొమ్మిదో అధ్యాయంలో. ఇప్పుడు అట్ట చూస్తేనే తెలిసిపోతుంది. దాంతో మొదటి ఎనిమిది అధ్యాయాలూ ఊరికే సాగదీసినట్టు అనిపించి, కథ ఏమిటో పట్టేశాం అనుకుని గబగబా తిప్పేస్తారు. మార్కులు మాత్రం ఆ తిప్పేసిన చోటే ఉన్నాయి. రచయిత ఆ రహస్యాన్ని ఎవరి నోట, ఏ వరసలో, ఎంతెంత బయటపెట్టాడన్నదే ఈ పుస్తకం పనితనం.

అందుకని మొదటిసారి చదివేటప్పుడే అధ్యాయానికి ఒక వరస చొప్పున పట్టిక గీయించాలి. మూడు గడులు చాలు: ఎవరు చెబుతున్నారు, జెకిల్ స్నేహితుడైన లాయర్ అట్టర్సన్‌కు ఇప్పటికి ఏం తెలిసింది, నిజంగా జరిగింది ఏమిటి. మూడో గడిని పదో అధ్యాయం పూర్తయ్యేదాకా ఖాళీగా ఉంచాలి. ఉదాహరణకు మూడో అధ్యాయంలో జెకిల్ తాను తలచుకున్న క్షణంలో హైడ్‌ను వదిలించుకోగలనని చెప్పి, 'ఐ గివ్ యూ మై హ్యాండ్ అపాన్ దట్' అంటాడు. అప్పటికి అది స్నేహితుడికి చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట. పదో అధ్యాయంలో ఒక ఉదయం అతను నిద్ర లేచి చూసుకుంటే దుప్పటి మీద ఉన్నది సన్నగా, నరాలు తేలి, దట్టంగా వెంట్రుకలు మొలిచిన హైడ్ చెయ్యి. ఒట్టు పెట్టిన చెయ్యే అతని అదుపులో లేకుండా పోయింది. ఈ రెండు చోట్లనూ కలిపి నాలుగు వాక్యాలు రాయగలిగిన విద్యార్థి కథ చెప్పడం దాటి నిర్మాణం గురించి మాట్లాడుతున్నట్టే.

పరీక్ష సంగతికొస్తే, ఏక్యూఏ అనే పరీక్షల బోర్డులో ఇది పేపర్ 1లో షేక్‌స్పియర్ నాటకంతో పాటు వస్తుంది. రెండింటికీ కలిపి గంటా నలభై ఐదు నిమిషాలు. మొత్తం 64 మార్కుల్లో నవలకు 30. పుస్తకం లోపలికి తీసుకెళ్లనివ్వరు. ప్రశ్నపత్రంలోనే ఒక భాగం అచ్చువేసి ఇస్తారు, దానితో మొదలుపెట్టి పుస్తకం మొత్తాన్నీ తడమాలి. ఆ 30లో 12 విషయానికీ ఆధారాలకూ, 12 భాషకూ నిర్మాణానికీ, 6 ఆ కాలపు నేపథ్యానికీ. ఎడెక్సెల్ అనే మరో బోర్డు దారి వేరు: ఇచ్చిన భాగం మీద 20, పుస్తకం మొత్తం మీద 20, ఈ విభాగంలో నేపథ్యానికి మార్కులే లేవు. మీ పిల్లలది ఏ బోర్డో కనుక్కోకుండా గైడు కొనకండి. ఎడెక్సెల్ రాసేవాళ్లు విక్టోరియన్ సమాజం గురించి పేజీలకు పేజీలు బట్టీపట్టడం నేను తరచూ చూసే వృథా శ్రమ.

ఏక్యూఏ వాళ్లకు నవల జవాబుకు యాభై నిమిషాలు పెట్టుకోమంటాను. అందులో మొదటి ఎనిమిది, పది నిమిషాలు జవాబు మొదలుపెట్టకుండా చదవడానికీ గుర్తులు పెట్టుకోవడానికీ. ఇచ్చిన భాగం పుస్తకంలో ఎక్కడిది, ఆ క్షణానికి పాఠకుడికి ఏం తెలుసు అన్నది ముందు పక్కన రాసుకోవాలి. ఇది చేయనివాళ్లు ఇచ్చిన భాగంలోనే ఇరుక్కుపోతారు, మిగతా పుస్తకానికి చివర రెండు లైన్లే మిగులుతాయి.

దగ్గరి నుంచి ఒకచోటు చూద్దాం. నాలుగో అధ్యాయంలో సర్ డాన్వర్స్ కేరూ హత్య. కిటికీ పక్కన కూర్చున్న పనమ్మాయి చూస్తుంటుంది, నిండు వెన్నెల, తెల్లజుట్టు పెద్దాయన వినయంగా వంగి పలకరిస్తాడు. ఒక్కసారిగా 'ఏప్-లైక్ ఫ్యూరీ'తో, అంటే కోతిలాంటి ఉన్మాదంతో, హైడ్ ఆయన్ను కింద పడేసి తొక్కుతాడు, దెబ్బలు వడగళ్లలా కురుస్తాయి, ఎముకలు విరిగిన చప్పుడు వినిపిస్తుంది. సగటు జవాబు 'ఏప్-లైక్' దగ్గర ఆగి, ఇది ఉపమానం, హైడ్ జంతువులాంటివాడు అని రాసి ముందుకెళ్లిపోతుంది. మంచి జవాబు తొక్కడం దగ్గర ఆగుతుంది. మొదటి అధ్యాయంలో హైడ్ చిన్నపిల్లను తొక్కినప్పుడు వాడిన మాట 'ట్రాంపుల్డ్ కామ్‌లీ', అంటే నింపాదిగా తొక్కుకుంటూ పోయాడు. అది కళ్లారా చూసి అట్టర్సన్‌కు చెప్పే ఎన్‌ఫీల్డ్ అతన్ని జగ్గర్‌నాట్‌తో పోలుస్తాడు. పూరీ జగన్నాథుడి రథం కింద జనం నలిగిపోతారని ఆనాటి బ్రిటిష్ రాతల్లో తిరిగిన బొమ్మ అది. మన పిల్లలకు రథయాత్ర తెలుసు గనక, ఎవరి కోసమూ ఆగని ఆ బరువు ఎలాంటిదో చప్పున అందుతుంది. అక్కడి నింపాది ఇక్కడ ఉన్మాదం ఎందుకైంది? జవాబు పదో అధ్యాయంలో ఉంది. హత్యకు ముందు రెండు నెలలు జెకిల్ తనను హైడ్‌గా మార్చే ఆ మందు ముట్టకుండా నిష్ఠగా బతికాడు. 'మై డెవిల్ హాడ్ బీన్ లాంగ్ కేజ్డ్, హీ కేమ్ అవుట్ రోరింగ్', అంటే చాలాకాలం బోనులో ఉన్న నా దయ్యం గర్జిస్తూ బయటికొచ్చింది, అని తనే రాసుకున్నాడు. అణిచిపెట్టిన కొద్దీ అది బలిసిందన్నమాట. ఈ మూడు చోట్లూ కలిస్తే ఒక్క పేరాలోనే భాష, నిర్మాణం, పరువు కోసం కోరికలను దాచుకున్న విక్టోరియన్ పెద్దమనుషుల సంగతి, అన్నీ వచ్చేస్తాయి. హింస, భయం, ద్వంద్వ స్వభావం, ఏ ప్రశ్న వచ్చినా ఈ పేరా పనికొస్తుంది.

జవాబుల్లో మళ్లీ మళ్లీ కనిపించే పెద్ద తప్పు, జెకిల్ మంచివాడు, హైడ్ చెడ్డవాడు అని రాయడం. పుస్తకం అలా అనలేదు. హైడ్ ఒక్కడే పూర్తిగా చెడు. జెకిల్ మాత్రం మంచీ చెడూ కలిసిన పాత మనిషే. ఆ సంగతి అతనే ఒప్పుకుంటాడు. మందు తాగింది చెడును చంపడానికి కాదు, పరువు పోకుండా సుఖపడడానికి. ఈ తేడా పట్టుకుంటే జవాబు ఒక మెట్టు పైకి వెళ్తుంది.

రెండోది, తారీఖులు తెలియక నేపథ్యాన్ని తలకిందులు చేయడం. లండన్‌లో జాక్ ద రిప్పర్ అనే హంతకుడి హత్యలు 1888లో జరిగాయి, అప్పటికి పుస్తకం వచ్చి రెండేళ్లు దాటింది. వాటిని చూసి స్టీవెన్సన్ రాశాడని రాస్తే అది తప్పే. మనసు గురించి ఫ్రాయిడ్ చెప్పిన సిద్ధాంతాలూ అంతే, ఆ తర్వాతి కాలానివి. ధైర్యంగా వాడదగినవి పరిణామ సిద్ధాంతం మీద డార్విన్ రాసిన 1859, 1871 పుస్తకాలు. అవి కూడా చివర ఒక పేరాగా అతికిస్తే ప్రయోజనం లేదు, 'ఏప్-లైక్' లాంటి మాట పక్కనే ఒక వాక్యంగా రావాలి. సినిమాలు చూసి రాసేవాళ్లు జెకిల్‌కు కాబోయే భార్య ఉందని రాస్తుంటారు. పుస్తకంలో అలాంటి మనిషే లేదు.

పుస్తకం కొనే విషయంలో ఖరీదైన ప్రచురణ అక్కర్లేదు. మూలపాఠం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అచ్చు పుస్తకం కొంటే అంచుల్లో రాసుకునే చోటు ఉన్నది చూసుకోండి. కొటేషన్లు రెండు నుంచి అయిదు పదాలవి, ముప్పై లోపు చాలు. పొడుగువి బట్టీపడితే పరీక్షలో ఒక మాట మర్చిపోయి మొత్తం వదిలేస్తారు.

పుస్తకంలో నాకు నచ్చని భాగం అంటూ లేదు గానీ, పదిహేనేళ్ల పిల్లలకు పదో అధ్యాయం నిజంగానే కష్టం. వాక్యాలు పొడుగు, ఆలోచన లోతు. చివరి మూడు అధ్యాయాలే పుస్తకంలో దాదాపు సగం, క్లాసులో మాత్రం వాటికి టైము చాలదు. అందుకే పదో అధ్యాయాన్ని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ పిల్లలతోనే తెలుగులోనైనా సరే ఒక పేరు పెట్టించాలి: యవ్వనంలో రెండు బతుకులు, మందు, హైడ్ స్వేచ్ఛ, దుప్పటి మీది చెయ్యి, రెండు నెలల నిష్ఠ, హత్య, రీజెంట్స్ పార్క్ బెంచీ, మందుకు కావలసిన లవణం అయిపోవడం. ముక్కకొకటి చొప్పున గట్టిగా చదివిస్తే వారం పది రోజుల్లో దారికొస్తుంది.

రెండోసారి చదివేటప్పుడు ఈ పదో అధ్యాయంతోనే మొదలుపెట్టి, ఆ తర్వాత ఒకటికి వెళ్లమంటాను. అప్పుడు మూడో అధ్యాయంలో హైడ్ పేరెత్తగానే జెకిల్ పెదాల దాకా పాలిపోవడం, కళ్ల చుట్టూ నలుపు కమ్మడం ఎందుకో పిల్లలే చెబుతారు. పట్టికలో ఖాళీగా వదిలిన మూడో గడిని నింపాల్సింది ఈ చదువులోనే.