ఫొటో ఇస్తే జిగ్సా పజిల్ చేసిచ్చే సర్వీస్: ప్రింటింగ్ పర్లేదు, 'ఈజీ' మాత్రం మనమే తయారు చేసుకోవాలి

కంపెనీ పేరు రాయట్లేదండి, మెచ్చుకోడానికీ ఉంది తిట్టడానికీ ఉంది, పైగా ఈ ఆన్‌లైన్ ఫొటో గిఫ్ట్ షాపులు అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కదా, కప్పు మీద ఫొటో, దిండు మీద ఫొటో, ఆ పక్కనే ఫొటో పజిల్. మీరు ఎక్కడ ఆర్డర్ పెట్టినా ఇందులో సగం విషయాలు పనికొస్తాయి.

మేం తీసుకుంది మా మావయ్యగారి కోసం. డెబ్భై దాటాయి, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను ఇంకా వాయిదాల మీద ఉంది. టీవీ అంటే చిరాకు, ఫోన్ అంటే ఇంకా చిరాకు. మా ఆడపడుచు వాళ్ళు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు వెయ్యి ముక్కల పజిల్ ఒకటి ఇచ్చి వెళ్ళారు, జర్మనీలో ఉండే నాయ్‌ష్వాన్‌స్టయిన్ కోట బొమ్మ, పైన సగం ఆకాశమే. కోట మొత్తం మావయ్యగారే పెట్టారు, ఆకాశం దగ్గరికొచ్చేసరికి అన్నీ నీలం ముక్కలే, ఏది ఎక్కడిదో తెలీక డబ్బాలో సర్దేశారు. అంటే ఆసక్తి ఉంది, ఓపికా ఉంది, ఆ బొమ్మే ఆయనతో సహకరించలేదు. అందుకే మనకి తెలిసిన బొమ్మతో, కొంచెం తేలిగ్గా ఉండేది ఒకటి చేయిద్దాం అనుకున్నాం.

సైట్‌లో 30, 110, 252, 500 ముక్కలు అని ఆప్షన్లు ఉన్నాయి. 30కీ 110కీ పక్కన 'ఈజీ' అని రాసి ఉంటుంది, అంతే, వాళ్ళ దృష్టిలో ఈజీ అంటే ముక్కలు తక్కువ. ఆ 30 ముక్కల శాంపిల్ ఫొటో మావయ్యగారికి చూపిస్తే "ఇది పిల్లలకి కొనమ్మా, నాకెందుకు" అన్నారు. నిజమే కదా. పెద్దవాళ్ళకి తేలిక కావాలంటే పది నిమిషాల్లో అయిపోయేది కాదు, ఇరుక్కుపోకుండా ముందుకు నడిచేది కావాలి. ఈ తేడా ఇలాంటి షాపుల వాళ్ళకి అస్సలు పట్టలేదు, నా మెయిన్ కంప్లయింట్ ఇదే.

మేం 252 ముక్కలది ఎంచుకున్నాం. ఇక్కడ చిన్న లెక్క. 252 ముక్కలు కలిపి పోస్తే, ఏ ముక్క పక్కన ఏది అని చూడాల్సిన జతలు 31,626. అవే ముక్కల్ని రంగుని బట్టి ఐదు కుప్పలుగా విడగొట్టగలిగితే ఒక్కో కుప్పలో యాభై చిల్లర, మొత్తం జతలు ఆరు వేల పైచిలుకు, అంటే పని ఐదో వంతుకి పడిపోయింది, ముక్కలు ఒక్కటీ తగ్గకుండానే. ఎవరూ అన్ని జతలూ చూడరనుకోండి, అంచులు, రంగులు చూసే వెతుకుతారు, కానీ కష్టం ఎక్కడుందో ఈ లెక్కలో తెలుస్తుంది. కుప్పలుగా విడదీయడానికి బొమ్మ ఒప్పుకోవాలి, అసలు విషయం అది.

మరి ముక్కల ఆకారం మార్చి ఈజీ చెయ్యొచ్చు కదా అంటే ఈ సర్వీసుల్లో కుదరదు. వీళ్ళు ఫొటో ప్రింట్ చేసి అట్టకి అంటించి, స్టీలు బ్లేడ్లు వంచి బిగించిన డై ఒకటి ఉంటుంది, దాని కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కుతారు. 252 ముక్కలకి ఒకటే డై, మీ ఫొటో అయినా నా ఫొటో అయినా కోత అదే. అడ్డం 18, నిలువు 14, నీటుగా గళ్ళు. ఇదే పజిల్ పుట్టిన కొత్తల్లో సంగతి వేరు. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అని మ్యాపులు చెక్కే ఆయన, మ్యాపుని చెక్క మీద అంటించి దేశాల సరిహద్దుల వెంట కోసి పిల్లలకి జాగ్రఫీ నేర్పడానికి అమ్మాడు. అందులో ముక్క ఆకారమే దాని పేరు చెప్పేస్తుంది. మన ఇండియా మ్యాప్ చెక్క పజిళ్ళు కూడా అంతే, గుజరాత్ ముక్కని ఎవరూ బీహార్‌లో పెట్టరు. (మా ఇంట్లో ఉన్న పాత దాంట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటే ముక్క, 2014 తర్వాత కొన్న దాంట్లో రెండు, పాతది తియ్యాలా ఉంచాలా అని మా ఆయన ఇప్పటికీ తేల్చలేదు.) అట్ట పజిల్‌లో ఆ సుఖం లేదు, కోత మన చేతిలో లేనప్పుడు మిగిలింది బొమ్మే.

ఇక బొమ్మ దగ్గర ఇంట్లో పెద్ద పంచాయతీ. మావయ్యగారిది రాజమండ్రి, ఆయనకి గోదావరి ఆర్చి బ్రిడ్జి ఫొటో కావాలి. ఫొటో అద్భుతంగా ఉంది, పొద్దున్నే తీసింది, కాని పజిల్‌కి అంతకంటే ఘోరమైన బొమ్మ దొరకదు. పైన ఆకాశం, కింద నీళ్ళు, మధ్యలో 28 స్పాన్లు, ఒకదాని మీద ఒకటి జిరాక్స్ తీసినట్టు ఒకేలాంటి ఆర్చులు. ముక్క చేతిలోకి తీసుకుంటే ఆర్చి అని తెలుస్తుంది, ఎన్నో ఆర్చో దేవుడికి తెలియాలి. నోటితో చెబితే వినరని ఒక టెస్ట్ చేసి చూపించా, ఇది మీరూ చెయ్యండి, ఆర్డర్ పెట్టే ముందు తప్పకుండా చెయ్యండి. ఫొటోని ఎంత సైజు పజిల్ కావాలో అంత సైజులో ప్రింట్ తీసుకోండి, ఒక అట్టకి పజిల్ ముక్కంత, అంటే రెండు సెంటీమీటర్ల చదరం కన్నం పెట్టండి, అట్టని ఫొటో మీద ఇష్టమొచ్చిన చోట పెట్టి ఎదుటివాళ్ళని అడగండి, ఇది బొమ్మలో ఎక్కడ ఉంది అని. పైనా కిందా, కుడా ఎడమా, ఆ మాత్రం చెప్పగలిగితే చాలు. బ్రిడ్జి ఫొటోలో పదిసార్లు పెడితే ఎనిమిదిసార్లు ఆయనే తలగోక్కున్నారు.

చివరికి ఒప్పుకున్నది సంక్రాంతి బొమ్మల కొలువు. మా అత్తయ్యగారు ఏటా పెడతారు, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, పిల్లల ప్లాస్టిక్ కార్లు కూడా ఓ మూల. పజిల్‌కి ఇంతకంటే మంచి బొమ్మ లేదు, ఎందుకంటే ప్రతి రెండంగుళాలకీ ఒక కొత్త వస్తువు, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక్కటే చిక్కు, మామూలుగా మెట్లన్నిటి మీదా తెల్ల పంచె పరుస్తారు, అంటే బొమ్మల మధ్యలో ఖాళీ అంతా తెలుపే. అందుకే ఈసారి ఐదు మెట్లకీ ఐదు చీరలు పరిపించా, ఒక్కోటి ఒక్కో రంగు. అత్తయ్యగారు ముందు "కొలువు నీ పజిల్ కోసం పెడుతున్నామా ఏంటే" అని గొణిగారు గానీ తర్వాత ఆవిడే బీరువా తీసి చీరలు ఎంచారు.

రంగుల్లో కూడా ఒకటి చూసుకోవాలి. శుక్లం ముదిరే కొద్దీ కంట్లో లెన్స్ పసుపురంగుకి తిరుగుతుంది, దాంతో నీలం, ఊదా లాంటివి మసకబారి ఒకదానికొకటి తేడా తెలీదు. కాబట్టి నీలం మెట్టు పక్కన ఊదా మెట్టు పెడితే నాకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఆయన ఆపరేషన్ కాని కంటికి రెండూ ఒకటే. పైనుంచి పసుపు, మెరూన్, తెలుపు, ముదురాకుపచ్చ, నారింజ పెట్టాం. పద్నాలుగు వరసల్లో ఒక్కో మెట్టుకి సుమారు మూడు వరసలు వస్తాయి, ముక్క చేతిలోకి తియ్యగానే ఇది ఏ మెట్టుదో తెలిసిపోతుంది, తర్వాత వెతకాల్సింది ఆ మెట్టులోనే. వెనకాల గోడ కనిపించకుండా ఫొటో దగ్గరకి తీశాం, గోడ అంటే మళ్ళీ ఆకాశమే.

అంచు కూడా మేమే డిజైన్ చేశాం. నాలుగు వైపులా రంగు పట్టీ, పైన ఎరుపు, కింద నలుపు, ఎడమ ఆకుపచ్చ, కుడి పసుపు. 252లో అంచు ముక్కలు 60 ఉంటాయి, దాదాపు పావు వంతు, అవి ఏ వైపువో చూడగానే తెలిస్తే సగం ధైర్యం వచ్చేస్తుంది. పట్టీ వెడల్పు మాత్రం ముక్కలో సగానికి మించకూడదు. మొత్తం ముక్కంత వెడల్పు పెడితే అంచు ముక్కలన్నీ ఒకే రంగులో బోడిగా వస్తాయి, అప్పుడు ఈజీ చేద్దామని మనమే కష్టం తెచ్చుకున్నట్టు. ఏ3 సైజుకి ముక్క రెండు సెంటీమీటర్ల పైన వస్తుంది కాబట్టి ఒక సెంటీమీటరు పట్టీ పెట్టాం.

ఇప్పుడు వచ్చిన సరుకు సంగతి. ప్రింట్ రంగులు బాగున్నాయి, మెరూన్ కొంచెం గోధుమ వైపు వెళ్ళింది, అది వదిలెయ్యొచ్చు. అట్ట మాత్రం పల్చన. మంచి కంపెనీల రెడీమేడ్ పజిళ్ళలో దాదాపు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, చేతికి తెలుస్తుంది, ఇది దాంతో పోలిస్తే తేలిపోతోంది, వణికే వేళ్ళకి పల్చటి ముక్క ఎత్తడం కష్టం. బిగుతు కూడా తక్కువ, పెట్టిన వరసని కొంచెం జరిపితే విడిపోతోంది, కింద డ్రాయింగ్ బోర్డు లాంటిది లేకపోతే చెయ్యలేం. గ్లాసీ ఫినిష్ ఒక్కటే ఉంది, మ్యాట్, అంటే మెరుపు లేనిది, లేదు. ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే మెట్లు తర్వాత, ముందు ట్యూబ్‌లైట్ కనిపిస్తుంది! పెద్దవాళ్ళకి ఇస్తున్నాం అంటే మ్యాట్ ఉందో లేదో ముందు చూసుకోండి, అది ముక్కల సంఖ్య కంటే ముఖ్యం అంటాను.

నాకు బాగా ఒళ్ళు మండింది పట్టీ విషయంలో. ప్రివ్యూలో నాలుగు వైపులా సమానంగా చూపించింది, వచ్చిన దాంట్లో ఎడమ ఆకుపచ్చ సన్నగా గీతలా ఉంది, కుడి పసుపు లావుగా ఉంది. ప్రింట్ అట్టకి అంటించినప్పుడు, డై కింద పెట్టినప్పుడు కాస్త అటూ ఇటూ జరుగుతుంది, అది ఈ పనిలో మామూలే, కాకపోతే 'అంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్లు వదలండి' అని సైట్‌లో ఒక్క ముక్క రాయొచ్చు కదా. కస్టమర్ కేర్‌కి చెబితే ఫొటో కట్ అవ్వలేదు కదా మేడమ్ అన్నారు. మీరు అంచుల్లో తలలు, పేర్లు, తేదీలు ఏమీ పెట్టకండి.

ఇంకోటి, డబ్బా. రిఫరెన్స్ బొమ్మ మూత మీద పాస్‌పోర్ట్ ఫొటో కంటే కాస్త పెద్దది వేశారు. తేలిగ్గా పెట్టాలంటే ముందు కావాల్సింది పెద్ద బొమ్మ, పజిల్ ఎంతుందో అంత బొమ్మ పక్కన ఉంటే ముక్కని దాని మీద ఆనించి చూసుకోవచ్చు. వీధి చివర జిరాక్స్ షాపులో ఏ3 కలర్ ప్రింట్ తీయించాం, నా లెక్కన ఈ మొత్తం ఖర్చులో బాగా పనికొచ్చింది అదే.

ముక్కల వెనకాల అక్షరాలు వేయగలరా అనీ అడిగా, ఒక్కో భాగానికి ఒక అక్షరం ఉంటే ఇరుక్కున్నప్పుడు తిప్పి చూసుకోవచ్చని. కుదరదన్నారు. దానికి మా పద్ధతి ఏంటంటే, ముందు అత్తయ్యగారూ నేనూ కూర్చుని పజిల్ పూర్తి చేశాం, పైన ఇంకో అట్ట పెట్టి రెంటినీ కలిపి పట్టుకుని బోర్లా తిప్పి, వెనక పెన్సిల్‌తో మెట్టు నంబరు పల్చగా రాశాం. మావయ్యగారు మొదట్లో తిప్పి చూడ్డం చీటింగ్ అన్నారు. ఇప్పుడు మేం చూడనప్పుడు తిప్పుతున్నారు.

ఆయన పెట్టే పద్ధతి ఏంటంటే స్టీలు పళ్ళాలు ఐదు, ఒక్కో రంగుకి ఒకటి, అంచు ముక్కలకి ఇంకోటి. మధ్యాహ్నం కాఫీ అయ్యాక ఒక మెట్టు, అంతే, తర్వాత న్యూస్‌పేపర్ కప్పేస్తారు. తెల్ల మెట్టు ఒక్కటే కాస్త ఏడిపించింది, అక్కడ ఒకే ఆకారం ముక్కలు తప్పు చోట కూడా సరిగ్గా కూర్చుంటున్నాయి, రెండు వరసలు పోయాక గానీ తేడా తెలీట్లేదు. డై గళ్ళు మరీ ఒకే రకంగా ఉండటం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

సొంత ఫొటోనే కావాలని పట్టుదల లేకపోతే రెడీమేడ్‌లో మంచివి ఉన్నాయి. రావెన్స్‌బర్గర్ వాళ్ళు లార్జ్ ఫార్మాట్ అని పెద్ద ముక్కలవి వేస్తారు, బొమ్మ పెద్దవాళ్ళకి తగినదే, ముక్కే పెద్దది, మెరుపు కూడా తక్కువ. కెనడా కంపెనీ కాబుల్ హిల్ వాళ్ళ ఫ్యామిలీ పజిల్ ఇంకా తెలివైన డిజైన్, 350 ముక్కలు, ఒకే బొమ్మలో ఒక పక్క పెద్ద ముక్కలు, మధ్యలో మీడియం, ఇంకో పక్క చిన్నవి, తాతా మనవడూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవచ్చు. అమెరికా, కెనడాల నుంచి వచ్చేవాళ్ళుంటే చాక్లెట్ల బదులు అది తెమ్మనండి.

ఈ సర్వీస్‌కి నేనిచ్చేది ఐదుకి మూడు. ఏ3, 252 ముక్కలు, డెలివరీతో కలిపి వెయ్యి లోపే పడింది, ప్యాకింగ్ గట్టిగా ఉంది, ఒక్క ముక్క కూడా తగ్గలేదు. మ్యాట్ పెట్టి, పెద్ద బొమ్మ కాగితం ఒకటి డబ్బాలో వేస్తే నాలుగు ఇస్తా. అన్నట్టు కవర్ విప్పగానే ముక్కల్ని జల్లెడలో వేసి ఒకసారి ఆడించండి, కోతప్పుడు వచ్చిన అట్ట పొడి బోలెడు ఉంటుంది, బుడిపెల దగ్గర అది ఇరుక్కుంటే ముక్కలు సరిగ్గా దిగవు.