నైతిక కమిటీ: సొంతమా, పక్క సంస్థదా?

మనుషులపై ఆరోగ్య పరిశోధన చేయాలంటే కళాశాల ముందుగా నైతిక కమిటీ (పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే సంఘం) అనుమతి పొందాలి. ఆ కమిటీని సొంతంగా పెట్టుకోవాలా, ఒప్పందంతో పక్క సంస్థదాన్ని వాడుకోవాలా?

సభ్యులు: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సొంత కమిటీకి 7 నుంచి 15 మంది కావాలి. అధ్యక్షులు బయటివారే. న్యాయశాస్త్రం తెలిసినవారూ సామాన్యులూ ఉండాలి. చిన్న ఊళ్లో వీరిని కూడగట్టడమే కష్టం. పక్క సంస్థదైతే ఒప్పందం చాలు.

ఖర్చు: సొంతదానికి కార్యాలయం, శిక్షణ, దస్త్రాల భద్రత. పక్కదానికి సమీక్ష రుసుము.

ముప్పు: సొంత కమిటీలో సహోద్యోగికి కాదని చెప్పడానికి మొహమాటం. పాఠం చెప్పే అధ్యాపకుడే తన పరిశోధనలో పాల్గొనేందుకు సమ్మతి పత్రం చేతికిస్తే, మార్కులకు భయపడి సంతకం పెట్టే విద్యార్థి గోడు బయటివారికే బాగా కనిపిస్తుంది. అయితే బయటి కమిటీ తనిఖీకి రావడం అరుదు. వేలిముద్ర వేసేవారికి పత్రం చదివి వినిపించారా, పక్షపాతం లేని సాక్షి ఉన్నారా అని అడగని కమిటీ ఏదైనా పనికిరాదు.

నిరంతరం పరిశోధనలు సాగే వైద్య కళాశాలకు సొంతదే మేలు. ఏడాదికి రెండు మూడు ఆరోగ్య సర్వేలు చేసే డిగ్రీ కళాశాలకు ఒప్పందమే సరి.